తలకోనకు ఒక్కరోజు

కాలేజీ పిల్లలు ఒక్కరోజులో ఎక్కడికి వెళ్లి రావచ్చని అడిగితే తలకోన పేరే చెబుతాను. తిరుపతి నుంచి పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు తిరిగి రావచ్చు.

శేషాచలం అడవిలో, కొండ పాదాన సిద్ధేశ్వరస్వామి గుడి. దర్శనమయ్యాక జలపాతం దాకా నడక. తోవలో గిల్లతీగను చూడకుండా దాటిపోవద్దు. తొడంత లావున చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది, కాయ గజం పొడవు దాకా సాగుతుంది. గోధుమరంగు గింజలు బిళ్లల్లా నున్నగా ఉంటాయి. ఏరి జేబులో వేసుకోకండి, అది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు!

జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. వానలు పడ్డాక, అక్టోబరు, నవంబరుల్లో నీళ్లు దండిగా ఉంటాయి. బండలు మాత్రం పాచిపట్టి జారతాయి. సెల్ఫీల మోజులో పిల్లల్ని అంచుకు పోనివ్వకండి, సార్లూ. పులిహోర పొట్లాలు సంచిలోనే ఉంచండి, కోతులు ఊరుకోవు.