నడిస్తే పాడేరు దాకా నడవాలి

(ఆదోనిలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆదోని, ఎమ్మిగనూరు రోడ్లకు పాదయాత్రలు కొత్త కాదు. 2017 చివర్లో జగన్మోహన్ రెడ్డి ఈ జిల్లాలో నడిచారు. 2022 అక్టోబర్ 18న రాహుల్ గాంధీ ఆలూరు వైపు నుంచి వచ్చి, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మీదుగా 21న రాయచూరు వైపు సాగిపోయారు. మరుసటి ఏడు లోకేశ్ వచ్చారు. ఫ్లెక్సీలు కట్టినాం, పూలు చల్లినాం. వాళ్లు పోయినాక కోసిగి, కౌతాళం జనం మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయినారు. ఆ ప్రయాణం వెంట ఏ టీవీ వ్యానూ పోలేదు.

రాహుల్ గాంధీ యాత్ర ద్వేషానికి వ్యతిరేకంగా అన్నారు. మంచిదే. కానీ ఆ దారిని ఒకసారి చూడండి. బళ్లారి వైపు నుంచి మన జిల్లాలోకొచ్చి రాయచూరుకు పోయింది. బళ్లారిలో వాల్మీకి నాయకులు ఎస్టీలు. రాయచూరులోనూ ఎస్టీలే. ఆ రెండు పార్లమెంటు స్థానాలూ ఎస్టీ రిజర్వుడే. నడుమ ఉన్న మన ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరులో బోయలు మాత్రం బీసీ-ఏ. సరిహద్దుకు అవతల ఇచ్చిన అక్క కొడుకు ఎస్టీ, ఇవతల ఉన్న చెల్లెలి కొడుకు బీసీ. ఉద్యోగ నోటిఫికేషన్ పడ్డ రోజు ఆ తేడా ఎంతో ఇక్కడ కూచున్న విద్యార్థులకు నేను చెప్పాలా?

2017 డిసెంబర్ 2న అసెంబ్లీ తీర్మానం చేసింది. 2023 మార్చి 24న మరో ప్రభుత్వం మళ్లీ తీర్మానం చేసింది. రెండోది అవసరమైందంటే మొదటిది ఢిల్లీలో ఏ బీరువాలో నిద్రపోయిందో మీరే ఊహించుకోండి.

ఆ రెండో తీర్మానం కాగానే మన్యంలో బంద్ జరిగింది. పాడేరు, అరకు ఆదివాసీలు రోడ్డెక్కారు. మనోళ్లు కొందరు వాళ్లను తిట్టినారు. ఎందుకు తిట్టాలి? ఉన్నది 6 శాతం రిజర్వేషన్. మైదానం నుంచి లక్షల మంది అందులోకి వస్తే మా పిల్లలకు మిగిలేదేమిటని వాళ్లు అడుగుతున్నారు. చేతిలో ఎస్టీ సర్టిఫికెట్ ఉన్న మైదానం మనిషి 1/70 చట్టాన్ని దాటుకొచ్చి తమ భూములు కొంటాడన్న బెంగ కూడా ఉంది. అది కల్పించుకున్న భయం కాదు.

అమెరికాలో 1978లో ఆదివాసీలు ఆల్కట్రాజ్ నుంచి వాషింగ్టన్‌కు నడిచారు. ఫిబ్రవరి 11న బయలుదేరి జూలై 15న చేరారు. తమ ఒప్పందాలను దెబ్బతీసే 11 బిల్లులను ఆపాలన్నది వాళ్ల డిమాండు. ఆ బిల్లులు చట్టాలు కాలేదు. పోరాడాల్సింది సర్కారుతో అయినప్పుడు నడక రాజధానికే పోవాలి, సరే.

కానీ మన సమస్య సగం సర్కారుతో, సగం సాటి పేదోడి భయంతో. ఇక్కడ నాకు 1962 గుర్తొస్తుంది. సతీష్ కుమార్, ఇ.పి. మీనన్ అనే ఇద్దరు యువకులు అణ్వాయుధాలకు వ్యతిరేకంగా చేతిలో పైసా లేకుండా ఢిల్లీ నుంచి మాస్కోకు, అక్కడి నుంచి పారిస్, లండన్, వాషింగ్టన్‌లకు బయలుదేరారు. మొదట దాటింది ఏ సరిహద్దు? పాకిస్తాన్ సరిహద్దు! శత్రువు అని చెప్పిన ఊళ్లలోనే అన్నం తిన్నారు. జార్జియాలో టీ ఫ్యాక్టరీ ఆడకూతుళ్లు నాలుగు టీ పొట్లాలిచ్చి, నాలుగు అణు రాజ్యాల నాయకులకు ఇమ్మన్నారట. బాంబు వేసే ముందు ఒక కప్పు టీ తాగి ఆలోచించుకోండని!

అందుకే నేనంటాను, మన నడక పాడేరుకు పోవాలి. రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు. ఒక కాగితం తీసుకుపోదాం: కోటా పెంచకుండా మమ్మల్ని చేర్చొద్దు, ఏజెన్సీ భూములు కొనే హక్కు మాకొద్దు. ఆ రెండు మాటలు మనమే రాసి సంతకం పెట్టి ఇద్దాం. ఆ తర్వాత ఢిల్లీకి ఇద్దరం కలిసి పోవచ్చు.

మన నాయకుల్లో కొందరికి ఇది నచ్చదు, తెలుసు. నచ్చనోళ్లు వచ్చి ఇదే మైకులో చెప్పండి, వింటాం. ఉద్యోగులు సెలవుల లెక్క చూసుకోండి. విద్యార్థులు పరీక్షల తేదీలు చెప్పండి. సుగ్గికి పోయినోళ్లు ఊరికి తిరిగొచ్చినాకే బయలుదేరుదాం. వాళ్లు లేని నడక నాకు వద్దు. ఈలోగా పాడేరుకు ఉత్తరం రాయాలి. ఎవరు రాస్తారు?