హాప్ తీగ: సీసాలో మొలకెత్తు చిగురు



హాప్ అనునది శీతలదేశములలో పెరుగు బహువార్షికపు తీగ. దీనియందు ఆడతీగలు, మగతీగలు వేరువేరుగా నుండును. ఆడతీగల పూగుత్తులలోని లుపులిన్ అను పసుపుపచ్చని పొడియే బీరునకు చేదును, సువాసనను ఇచ్చును. మన దేశమున హిమాచల ప్రదేశమందలి లాహౌల్ లోయలో దీనిని సాగుచేసిరి.

విత్తనము నాటినచో మగతీగలును పుట్టును, తల్లిగుణము నిలువదు. అందుచేత రైతులు కాండపు ముక్కలనే నాటుదురు. కాని తల్లితీగకు వైరస్ సోకియున్నయెడల ముక్కతోపాటు అదియు తరలిపోవును. ఒకసారి నాటిన తోట పదియేండ్లకు పైగా నిలుచును గనుక నష్టమును అన్నియేండ్లును వెన్నంటియుండును.

ఈ చిక్కునకు దారి చూపినవారు ఫ్రాన్సుదేశపు మొరెల్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు. 1952లో వారు వైరస్ సోకిన డాలియాల చిగురుకొనలనుండి ఆరోగ్యవంతములైన మొక్కలను సాధించిరి. చిగురుకొనయందు వైరస్ మిక్కిలి అల్పముగా నుండుటయే ఇందలి రహస్యము.

హాప్ విషయమునను పద్ధతి ఇదియే. అర మిల్లీమీటరు ప్రమాణపు కొనను కోసి, లవణములు, చక్కెర, అగర్ గల క్రిమిరహితమైన సీసాలో నుంతురు. సైటోకైనిన్ రెమ్మలను, ఆక్సిన్ వేళ్లను పుట్టించును. పిదప పిల్లమొక్కను తేమగల నీడలో నుంచి, క్రమముగా బయటిగాలికి అలవాటుచేయవలెను, తొందరపడినచో వాడిపోవును.

అయినను సీసాలో పుట్టినంతమాత్రమున మొక్క నిర్దోషమని తలంపరాదు. వైరాయిడ్లు చిగురుకొనయందును దాగియుండగలవు. కావున పరీక్షించిన పిమ్మటనే నారు రైతునకు అందవలెను. ఆ పరీక్షాపత్రముపై చేయు ఒక్క సంతకముమీద ఒక కుటుంబపు పదియేండ్ల జీవనము ఆధారపడియున్నదని మరువరాదు.