కారు డిక్కీలో తుపాకి, కాగితం మీద చట్టం
(పేటలో రాత్రి జరిగిన సభలో మాట్లాడిన మాటల పాఠం)

 

పోయిన మీటింగు అయిపోయి గొంగళ్లు దులుపుకుంటుంటే ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపింది. "నాయనా, మా మనవడు అమెరికాలో చదువుకుంటన్నాడు. సెలవులకి స్నేహితులతో కారేసుకుని రెండు మూడు రాష్ట్రాలు దాటిపోయాడంట. ఆడ కార్లల్లో తుపాకులు పెట్టుకుని తిరగతారంట గదా. పోలీసులు పట్టుకోరా? అది చట్టమేనా?" అని అడిగింది. ఆరోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తెలియని దానికి తెలిసినట్టు తలూపటం మా పద్ధతి కాదు. అందుకని చదివి, తెలిసినవాళ్లను అడిగి, ఈ రాత్రి చెప్తున్నాం.

అమెరికా తుపాకి సంగతి మన పల్లెకెందుకు అని కొంతమంది అనుకోవచ్చు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. ఆయుధం ఎవరి చేతిలో ఉంటే రక్షణ, ఎవరి చేతిలో ఉంటే నేరం అనే ప్రశ్న మనకు కొత్తది కాదు. మనల్ని ఇంతకాలం లేవకుండా చేసిన కారణాల్లో ఆయుధం పట్టే హక్కు లేకుండా చెయ్యటం ఒకటని 1936లోనే బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో చూపించాడు.

ముందు చట్టం సంగతి చూద్దాం.

మన దగ్గర వాడపల్లి కాడ కృష్ణ దాటితే రాష్ట్రం మారుతుంది. కానీ ఆయుధాల చట్టం మారదు. అది 1959లో ఢిల్లీలో చేసిన చట్టం, ఇటూ అటూ అదే. లైసెన్సు మీద అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆ ప్రాంతం దాటితే ఆ కాగితం చెల్లదు. అమెరికాలో అట్లా కాదు. అక్కడ 50 రాష్ట్రాలున్నాయి, తుపాకి మీద ఏ రాష్ట్రం చట్టం దానిదే. ఒకచోట నడుముకి పెట్టుకుని బజారుకి పోవచ్చు. పక్క రాష్ట్రంలో అదే పని చేస్తే జైలు. మధ్యలో గేటుండదు, చెక్‌పోస్టుండదు, రోడ్డు పక్కన ఒక బోర్డు మాత్రం ఉంటుంది. ఆ బోర్డు దాటిన క్షణంలో నిన్నటిదాకా హక్కు అయినది నేరమైపోతుంది.

దీనికి విరుగుడుగా 1986లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. తుపాకితో ప్రయాణం చేసేవాడికి దారిలో తగిలే రాష్ట్రాల చట్టాల నుంచి కాపుదల ఇస్తామంది. అయితే షరతులు పెట్టింది. వాటిని ఒక్కొక్కటే చెప్పుకుందాం.

మొదటిది, ఆ మనిషి తుపాకి పెట్టుకోకూడదని చట్టం నిషేధించిన వాడు కాకూడదు. రెండోది, బయలుదేరిన చోటా, చేరబోయే చోటా రెండు చోట్లా ఆ తుపాకి ఉంచుకోవటం, వెంట పెట్టుకోవటం చట్టబద్ధమై ఉండాలి. మూడోది, తుపాకిలో గుళ్లు ఉండకూడదు. నాలుగోది, తుపాకి గానీ తూటాలు గానీ కారులో కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు. అంటే డిక్కీలో ఉండాలి. ఐదోది, డిక్కీ విడిగా లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. డ్రైవరు పక్కన డాష్‌బోర్డులో ఉండే అర, సీట్ల మధ్యన ఉండే అర, వాటికి తాళం ఉన్నా సరే లెక్కలోకి రావు.

వినటానికి తేలికగానే ఉంది. రోడ్డు మీద ఎట్లా ఉంటుందో చూడండి.

2005లో ఒకతను విమానంలో పోతూ, తాళం వేసిన పెట్టెలో తుపాకి పెట్టి, విమానం వాళ్లకి చెప్పి మరీ బయలుదేరాడు. న్యూజెర్సీలో దిగి ఎక్కాల్సిన బండి తప్పిపోయింది. సామాను తీసుకుని రాత్రికి హోటల్లో పడుకున్నాడు. తెల్లారి విమానాశ్రయంలో మళ్లీ నిజమే చెప్పాడు. పట్టుకుని కొన్ని రోజులు జైల్లో పెట్టారు. కేసు తర్వాత ఎత్తేశారు గానీ, నన్ను అన్యాయంగా పట్టుకున్నారని అతను వేసిన దావాలో 2010లో అప్పీలు కోర్టు ఏమన్నదంటే: రాత్రంతా పెట్టె నీ చేతికి అందేలా నీ గదిలో ఉంది, కాబట్టి ఆ చట్టం నిన్ను కాపాడదు అని. ఒక బండి తప్పిపోవటంతో చట్టం ఇచ్చిన కాపుదల కూడా తప్పిపోయింది.

ఇంకో సంగతి. 2013 అక్టోబరులో ఫిలడెల్ఫియా నుంచి ఒక నల్లజాతి ఆడమనిషి కారులో న్యూజెర్సీలోకి పోయింది. 27 ఏళ్లు, ఇద్దరు బిడ్డల తల్లి. ఏడాదిలో రెండుసార్లు దొంగలు మీదపడితే భయపడి తుపాకి కొనుక్కుంది. తన పెన్సిల్వేనియా రాష్ట్రంలో లైసెన్సు కూడా తీసుకుంది. పక్క రాష్ట్రంలో ఆ లైసెన్సు చెల్లదని ఆమెకి తెలియదు. లైను తప్పి బండి తోలిందని పోలీసు ఆపితే, అడక్కముందే "అయ్యా, నా దగ్గర తుపాకి ఉంది, ఇదిగో లైసెన్సు" అని తానే చెప్పింది. నిజం చెప్పినందుకే జైలు. తుపాకిలో గుళ్లున్నాయి, చేతికి అందే చోట ఉంది. అందుకని 1986 చట్టం ఆమెకి అక్కరకు రాలేదు. కనీసం మూడేళ్ల శిక్ష పడేంత నేరం మోపారు. మొదటిసారి తప్పు చేసినవాళ్లను కోర్టు విచారణ లేకుండా సరిదిద్దే పద్ధతి ఒకటి అక్కడుంది. అది ఆమెకి ఇవ్వనన్నాడు ప్రాసిక్యూటరు. హోటలు లిఫ్టులో కాబోయే భార్యని స్పృహ తప్పేలా కొట్టిన ఒక పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడికి మాత్రం అదే జిల్లాలో అదే పద్ధతి దొరికింది. జనం గొడవ చేశాక 2014లో ఆమెకీ ఇచ్చారు. 2015 ఏప్రిల్లో గవర్నరు క్షమాభిక్ష పెట్టాడు.

మూడోది ఇంకా ఘోరం. ఇక్కడ రాష్ట్రం దాటటం కూడా లేదు. ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి మనిషి, 32 ఏళ్లు. మిన్నెసోటాలో ఒక బడిలో పిల్లలకి అన్నం పెట్టే చోట పనిచేసేవాడు. తన రాష్ట్రంలో, తన లైసెన్సుతో, చట్టప్రకారం తుపాకి వెంట పెట్టుకున్నాడు. 2016 జులై 6న పోలీసు కారు ఆపాడు. అంతకుముందు కూడా ఎన్నో సార్లు, చిన్న చిన్న సాకులతో, అతన్ని రోడ్డు మీద ఆపారు. ఆరోజు కూడా మర్యాదగా "అయ్యా, నా దగ్గర తుపాకి ఉంది" అని చెప్పాడు. కొన్ని క్షణాల్లో ఏడు సార్లు కాల్చారు. పక్క సీట్లో ఆడమనిషి, వెనక సీట్లో నాలుగేళ్ల పసిబిడ్డ. కాల్చిన పోలీసు దోషి కాదని 2017 జూన్లో తేల్చారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. లైసెన్సుంది. నిజం చెప్పాడు. తుపాకి బయటికి తియ్యలేదు. చట్టం అడిగినవన్నీ చేశాడు. చట్టం అడగనిది ఒక్కటే అతని దగ్గర ఉంది, అది అతని ఒంటి రంగు.

ఇది ఇప్పటిది కాదు. 1865లో బానిసత్వం పోయిన వెంటనే మిసిసిపీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. విడుదలైన నల్లవాళ్లు లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకోకూడదని. ఆ లైసెన్సు ఇచ్చేది ఎవరు? నిన్నటిదాకా వాళ్లను కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు. 1966లో ఓక్లాండ్లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. మనోళ్లు 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పెట్టినప్పుడు పేరు తెచ్చుకున్నది అక్కడినుంచే. ఆ పాంథర్లు పోలీసు బండి వెనకాల తమ కారులో పోయేవాళ్లు. ఒక చేతిలో తుపాకి, ఒక చేతిలో చట్టం పుస్తకం. పోలీసు ఎవరినైనా ఆపితే దూరంగా నిలబడి చూసేవాళ్లు, నీ హక్కులివి అని చదివి వినిపించేవాళ్లు. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం అది నేరం కాదు. మరి ఏం చేశారు? చట్టాన్నే మార్చారు. 1967లో, గుళ్లున్న తుపాకితో బజారులో తిరగకూడదని కొత్త చట్టం తెచ్చారు. దానిమీద సంతకం పెట్టిన గవర్నరు రోనాల్డ్ రీగన్.

ఇందాక 1986 చట్టం చెప్పాం గదా, తుపాకితో రాష్ట్రాలు దాటేవాడికి కాపుదల ఇచ్చేది. దానిమీద సంతకం పెట్టిన ప్రెసిడెంటు ఎవరు? అదే రోనాల్డ్ రీగన్. తుపాకి నల్లవాడి కారులో ఉన్నప్పుడు ఒక సంతకం, అందరి కారుల్లో ఉన్నప్పుడు ఇంకో సంతకం. చెయ్యి మాత్రం ఒకటే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనోళ్లను చంపటానికి తుపాకులు కూడా అవసరం పడలేదు. గొడ్డళ్లు, బరిసెలు చాలినయ్. బీహారులో తుపాకులే వచ్చినయ్. 1997 డిసెంబరు 1 రాత్రి రణవీర్ సేన వాళ్లు సోన్ నది దాటొచ్చి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని కాల్చి చంపారు. ఎక్కువమంది ఆడాళ్లు, పిల్లలు. ఆ రాత్రి నది దాటుతున్న తుపాకులను ఎవరూ ఆపలేదు, కాగితం అడగలేదు. 2010లో కింది కోర్టు 26 మందికి శిక్ష వేసింది. 2013లో పాట్నా హైకోర్టు 26 మందినీ వదిలేసింది.

మన దగ్గర కాగితం మీద ఒక చట్టం ఉంది, అది మనలో చాలామందికి తెలియదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో రూల్సు వచ్చినయ్. అందులో మూడో రూలు చూడండి. అత్యాచారం జరిగే ప్రమాదం ఉన్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడ దళితులు, గిరిజనులు కానివాళ్ల తుపాకి లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. దొంగ తుపాకులన్నీ పట్టుకోవాలి. అవసరమనుకుంటే దళితులకి, గిరిజనులకి ప్రాణ రక్షణ కోసం లైసెన్సులివ్వాలి.

ఆ 'అవసరమనుకుంటే' అన్న మాట గమనించండి. అవసరమని అనుకోవాల్సింది ఎవరు? ఎలక్షన్లొస్తే ఊళ్లో లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టిస్తారు. ఓటు పెట్టెకి ప్రమాదం అంటే వెంటనే అవసరం కనపడుతుంది. మన వాడకి ప్రమాదం అంటే మాత్రం కనపడదు.

మేము తుపాకులు కొనుక్కోమని చెప్పటానికి ఇక్కడ నిలబడలేదు. ఫిలాండో దగ్గర తుపాకీ ఉంది, లైసెన్సూ ఉంది. రెండూ అతన్ని కాపాడలేదు. మేం చెప్పేది ఏందంటే, కాగితం మీద మనకున్న దాన్ని అడగటం నేర్చుకోండి. సమాచార హక్కు కింద కలెక్టరు ఆఫీసుకి అర్జీ పెట్టండి. మన జిల్లాలో ప్రమాదం ఉన్న గ్రామాలని వేటిని గుర్తించారు? అక్కడ ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు? దళితులకి ఎన్ని ఇచ్చారు? ఈ మూడు ప్రశ్నలు చాలు. జిల్లా విజిలెన్సు కమిటీ మూడు నెలలకొకసారన్నా కూర్చోవాలని అదే రూల్సులో ఉంది. కూర్చుందా లేదా అడగండి. వచ్చిన జవాబు దాచుకోకుండా పల్లె చావిట్లో నలుగురి ముందు చదవండి. జవాబు రాకపోతే అదీ చదవండి.

ఇక పెద్దమ్మా, నీ మనవడి సంగతి. ఫోను చేసినప్పుడు ఇట్లా చెప్పు. చదువు వీసా మీదా, ఉద్యోగం వీసా మీదా పోయినవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పితే, తుపాకి గానీ ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. సరదాకి కూడా వద్దను. స్నేహితుడి కారెక్కి రాష్ట్రం దాటే ముందు, ఇందులో తుపాకి ఉందా అని మొహమాటం లేకుండా అడగమను. ఉంటే దిగిపొమ్మను. పోలీసు ఆపితే గబుక్కున జేబులో చెయ్యి పెట్టొద్దను, చేతులు కనపడేలా ఉంచమను. చట్టం ఒకరికి చుట్టం, ఇంకొకరికి కష్టం అన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంకోమాట కూడా చెప్పు. అక్కడ నల్లవాళ్లు కనపడితే పక్కకి తప్పుకోమని మన దేశం నుంచి పోయినవాళ్లే నేర్పుతుంటారు. ఆ మాట వినొద్దను. మన వాడ పక్కనుంచి ఎవరు ఎట్లా తప్పుకుపోయారో వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు.

అర్జీ కాగితాలు ఇక్కడ బల్ల మీద పెట్టాం. రాయటం వచ్చినవాళ్లు రానివాళ్లకి రాసిపెట్టండి. వచ్చే మీటింగుకి ఎన్ని పెట్టామో లెక్క చూద్దాం.

జై భీమ్.