గుజ్జనగూళ్ల చదువు

పల్నాడులో మిరప కోతలప్పుడు అమ్మలు పొద్దున్నే చేలకు వెళ్తే, గురజాల, మాచర్ల పల్లెల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీయే నీడ. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన పథకమిది.

అక్కడ గుజ్జనగూళ్లాట గమనించండి. కొబ్బరి చిప్పలో ఇసుక పోసి అన్నమంటుంది ఓ పాప. లేనిదాన్ని ఊహించడం ఆలోచనకు బలం. "ముందు తమ్ముడికి, నువ్వాగు" అంటుంది. వంతు కోసం ఆగడం, ఎదుటివాడి ఆకలి గుర్తించడం అలాగే అలవడతాయి. గరిటె లాక్కుంటే ఏడుస్తారు. కసరకండి. "కోపమొచ్చిందా నాన్నా?" అని అడగండి. తన కోపాన్ని మాటల్లో చెప్పగలిగిన బిడ్డ కొట్టడం తగ్గిస్తుంది.

ఆట మాన్పించి అఆలు దిద్దించే తొందర మాత్రం వద్దమ్మా. సాయంత్రం మిరప ఘాటు పోయేలా చేతులు కడుక్కుని ఆ ఉత్తుత్తి అన్నం తినండి. కూర ఎలా వండావో చెప్పమనండి, మాటలు వెతుక్కుంటూ చెబుతారు.