సూర్యశక్తి – ప్రభుత్వ రాయితీలు – మనం

(సామర్లకోట పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెట్రోలు బళ్ల బదులు కరెంటు బళ్లు, బొగ్గు కరెంటు బదులు ఎండ కరెంటు రావాలని ప్రభుత్వాలు రాయితీలు ఇస్తున్నాయి. వీటిలో మనబోటివారికి అందేదేమిటి అన్నదే నేటి విషయం. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక ఏ పథకం గురించి విన్నా ముందు షరతులు చదవడం నాకు అలవాటు.

ముందు బళ్ల సంగతి. కేంద్రం 2019 ఏప్రిల్‌లో ఫేమ్ రెండో దశను, 2024 అక్టోబరులో పీఎం ఈ-డ్రైవ్‌ను తెచ్చింది. రెండింటిలోనూ సొంత కార్లకు సబ్సిడీ లేదు. ముఖ్యంగా స్కూటర్లు, ఆటోలు, బస్సులకే ఉద్దేశించారు. కారు కొనేవారికి దక్కింది పన్ను తగ్గింపు. కరెంటు బళ్లపై జీఎస్టీని 2019 ఆగస్టులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆటో తోలుకునేవాడికి ముందు సాయం అందడం న్యాయమేనని నా అభిప్రాయం.

అయితే బండి పొగ వదలకపోయినా, దాన్ని చార్జి చేసిన కరెంటు బొగ్గుతో తయారైతే ఆ పొగ మరోచోట వదిలినట్టే. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 వరకు కరెంటు కార్లే. అక్కడ కరెంటు దాదాపు అంతా నీటి నుంచే వస్తుంది. మనకు సీలేరు ఉన్నా, బొగ్గు మీద ఆధారపడటం తప్పలేదు. కనుక బండి కంటే ముందు కరెంటు సంగతి చూడాలి.

ఇంధనం కోసం ఎదురుచూడటమంటే ఏమిటో మన ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. కృష్ణా-గోదావరి సముద్ర గర్భంలోని డి-6 గ్యాస్ 2009 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ గ్యాస్ మీద ఆశతో ఇక్కడ 2,400 మెగావాట్ల విస్తరణ తలపెట్టారు. తర్వాత గ్యాస్ తగ్గిపోయింది, కేంద్రం నడవలేదు. కొంత యంత్రసామగ్రి బంగ్లాదేశ్ వెళ్లింది. ఎండకు అలాంటి కోటా లేదు, కేటాయింపు లేదు.

ఇక మన డాబాల సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లకు మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. ఒక కిలోవాట్ నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. దానికి వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి.

గమనించవలసినవి నాలుగు.

ఒకటి: సబ్సిడీ ముందుగా రాదు. పలకలు బిగించి, తనిఖీ జరిగి, నెట్ మీటరు పెట్టాకే బ్యాంకులో పడుతుంది.

రెండు: కరెంటు బిల్లు ఎవరి పేర ఉందో చూసుకోండి. స్వర్గస్థులైన నాన్నగారి పేరనే ఉంటే ముందు మార్పించుకోవాలి.

మూడు: బ్యాటరీ లేని మామూలు ఏర్పాటులో లైను పోతే ఇదీ ఆగుతుంది. లైనుమీద పనిచేసేవారి ప్రాణరక్షణకే ఆ ఏర్పాటు.

నాలుగు: వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కనుక ఎక్కువ వాడే ఇంటికే ఎక్కువ లాభం. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లతో గడిచే ఇంటివారు అప్పు చేసి పెట్టించుకోనక్కరలేదు.

"పలకలు పాతికేళ్లుంటాయట, మనం ఉంటామా?" అని మనలో కొందరు అడుగుతున్నారు. గోదావరి జిల్లావాడు ఎవడూ తన ఆయుష్షు లెక్కచూసుకుని కొబ్బరి మొక్క నాటలేదు. పైగా మన పెన్షన్ మన తర్వాత ఇంటావిడకు తగ్గి వస్తుంది, కరెంటు బిల్లు మాత్రం తగ్గి రాదు. ఈ మాట ఇంట్లో పిల్లలతో కూర్చుని, కాగితం మీద లెక్క వేసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి. దరఖాస్తు నింపడంలో సందేహముంటే సంఘంలో అడగండి. ఫారాలు నింపడం మనకు కొత్త కాదు గదా!