నీళ్ల లెక్క నేర్పిన ఇంజనీరు సారు
(సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం ఆర్. విద్యాసాగర్ రావు సారును తలుచుకుంటున్నాం. ఆయన మన లంబాడీ బిడ్డ కాదు. మరి మన సంఘం సభలో ఆయన ఫొటోకు దండ ఎందుకని కొందరు పిల్లలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మనం తాగే నీళ్లలో ఉంది.

సారు 1939లో పాత నల్గొండ జిల్లా జాజిరెడ్డిగూడెంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఇంజనీరింగ్ చదివారు. కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజనీరు హోదా దాకా ఎదిగి రిటైరయ్యారు. నటన అంటే ఇష్టం, కొన్ని సినిమాల్లో కూడా కనిపించారు. పెన్షన్ తీసుకుంటూ హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన కూర్చోలేదు. కృష్ణా, గోదావరి నీళ్లలో తెలంగాణకు రావాల్సింది ఎంత, వస్తున్నది ఎంత అని పత్రికల్లో రాశారు, ఊరూరా సభల్లో చెప్పారు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వానికి నీటిపారుదల సలహాదారుగా పనిచేశారు. 2017 ఏప్రిల్ 29న కన్నుమూశారు.

ఆయన గొప్పతనం పదవుల్లో లేదు. ఫైళ్లలో, ట్రిబ్యునల్ తీర్పుల్లో ఇంగ్లీషులో దాగి ఉన్న లెక్కను రైతుకు అర్థమయ్యే మాటలో చెప్పడంలో ఉంది. ఒక్క ఉదాహరణ చూద్దాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగుల నీళ్లు. లీటర్లలో దాదాపు 2,832 కోట్లు. పాలమూరులో అలంపూర్, గద్వాల వైపు పారే రాజోలిబండ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ 15.9 టీఎంసీలు ఇచ్చింది. ఆయకట్టు 87,500 ఎకరాలు. భాగించి చూడండి, టీఎంసీకి సుమారు 5,500 ఎకరాలు. ఇప్పుడు కాలువ చివరి రైతు పొలం ఎండితే, అది దేవుడి శాపం అనుకుంటామా? కాగితం మీద రాసిన నీళ్లు ఎక్కడ ఆగాయని అడుగుతామా? లెక్క తెలిసినోడే అడగగలడు. సారు మనకిచ్చింది ఆ ధైర్యమే.

పాలమూరు లేబర్ అనే మాట మీరందరూ విన్నారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసింది ఆ చేతులే. ఆనకట్టలు కట్టినోళ్ల ఊళ్లు మాత్రం ఎండిపోయే ఉన్నాయి. మా హాస్టల్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది దేవరకొండ, డిండి, అచ్చంపేట వైపు తండాల వాళ్లే. వాన పడని ఏడు పండుగ సెలవులకు పోతే కొందరి ఇళ్లకు తాళం ఉంటుంది. అమ్మానాన్నలు హైదరాబాదో, పుణెనో పనికి పోయి ఉంటారు. అలాంటి పిల్లల్ని మేము సెలవుల్లోనూ మా దగ్గరే ఉంచుకున్నాం. కొందరు పిల్లలు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, పళ్ల మీద గోధుమరంగు మరకలని. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది. మన జిల్లా పేరు పుస్తకాలకెక్కింది ఇలా!

ఈ మెట్ట ప్రాంతానికి కృష్ణా నీళ్లు ఎత్తిపోసే డిండి పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. సారు పోయాక దానికి ఆయన పేరే పెట్టారు. పని ఇంకా పూర్తి కాలేదు. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. శివన్నగూడెం, కిష్టరాయినిపల్లి లాంటి రిజర్వాయర్ల కింద భూములు, ఇళ్లు పోయిన కుటుంబాలున్నాయి. నీళ్లు రావాలి, నిజమే. భూమి ఇచ్చినోళ్ల లెక్క కూడా తేలాలి. ఎవరి పొలం తడవడానికి ఎవరి ఇల్లు మునిగింది, వాళ్లకు ఎంత ముట్టింది అన్నది కూడా నీళ్ల లెక్కే. ఒక లెక్క అడిగి ఇంకో లెక్క మరిచిపోతే సారు పేరు తలిచే అర్హత మనకుండదు.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, దండ వేసి ఇళ్లకు పోదామని మేము అనడం లేదు. ఒక పని చెబుతున్నాం. 2018 చట్టంతో మన తండాలు చాలావరకు పంచాయతీలయ్యాయి. ఇప్పుడు గ్రామసభ మనదే, తీర్మానాల పుస్తకం మనదే. మీ తండాలో తాగే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఫ్లోరైడ్ పరీక్ష ఎప్పుడు చేశారు, ఎంత వచ్చింది? మీ పొలాలు ఏ కాలువ కింద ఉన్నాయని కాగితం చెబుతోంది? పోయిన భూమికి పరిహారం ఎంతమందికి అందింది? ఈ నాలుగు ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. జవాబు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు ఎట్లా రాయాలో మేము నేర్పిస్తాం. తెలిసింది మీ దగ్గరే దాచుకోకండి. మన గోర్ బోలీలో యాడీకి, బాపుకు, చదువురాని అవ్వకు అర్థమయ్యేలా చెప్పండి.

మీలోంచి ఇంజనీర్లు రావాలి. కాలువ ఎక్కడ తవ్వాలో గీసే పెన్ను మన పిల్లల చేతిలోనూ ఉండాలి. లెక్కలు కష్టమని ఎంపీసీ వదిలేద్దామనుకునే చెల్లెళ్లకు ఒక్క మాట. జాజిరెడ్డిగూడెం నుంచి కేంద్ర జల సంఘం దాకా పోయిన దారి ఆ లెక్కల మీదే నడిచింది.

సారుకు మనందరి తరఫున నివాళి. జై సేవాలాల్.