మళ్ళీ డిగ్రీయా?



"బి.ఏ. పాసయ్యావు, పెళ్ళయింది, పిల్లాడు బడికి పోతున్నాడు. ఇప్పుడు బి.ఎస్‌సి. ఏమిటమ్మా, విడ్డూరం కాకపోతే!" బందరులోనూ, గుడివాడలోనూ, దివిసీమ పల్లెల్లోనూ ఈ మాట విన్నవాళ్ళు మీలో ఉండే ఉంటారు. అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి. మూడేళ్ళంటే మూడేళ్ళే మరి! కాకపోతే వాళ్ళు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ డిగ్రీ లేకపోతే మీకు ఏ తలుపు తెరుచుకోదు?

హైస్కూల్లో సైన్సు చెప్పాలని మీ కోరిక అనుకోండి. బి.ఇడి.లో సైన్సు బోధన తీసుకోవాలంటే డిగ్రీలో ఆ సబ్జెక్టులు చదివి ఉండాలి. బి.ఏ. మీద ఎన్ని ఎం.ఏ.లు చేసినా ఆ తలుపు తెరుచుకోదు. కెమిస్ట్రీలో ఎం.ఎస్‌సి. సంగతీ అంతే. అలాంటప్పుడు రెండో డిగ్రీ విడ్డూరమేమీ కాదు, అవసరం.

నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులున్నాయి కదా. నీళ్ళ పరీక్ష చెయ్యడానికి డిగ్రీ అక్కర్లేదు, పక్కన నిలబడి చూస్తే కొన్నాళ్ళకు చెయ్యి తిరుగుతుంది. కానీ చెరువులో అమ్మోనియా పొద్దున ఉన్నంతే మధ్యాహ్నమూ ఉన్నా, మధ్యాహ్నం రొయ్యకు ఎందుకు ఎక్కువ ప్రమాదం? ఎండకు నాచు నీళ్ళలోని బొగ్గుపులుసు వాయువును వాడేసుకుంటుంది, నీటి పి.హెచ్. పెరుగుతుంది, దాంతో అమ్మోనియాలో విషపు భాగం హెచ్చుతుంది. రైతుకు ఇది విడమరిచి చెప్పగలగాలంటే కాస్త కెమిస్ట్రీ కావాలి. ఇందులో ఏ పని మీకు కావాలో ముందు తేల్చుకోండి.

ఇక చాలామంది ఆగిపోయే చోటు ఇంటర్. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివినవాళ్ళకు మామూలుగా బి.ఎస్‌సి.లో సీటు ఇవ్వరు. ఓపెన్ స్కూల్లో సైన్సు సబ్జెక్టులతో ఇంటర్ మళ్ళీ కట్టాలి. అంటే మీ లెక్క మూడేళ్ళు కాదు, నాలుగో అయిదో. ఈ సంగతి ఇంట్లో దాచకండి.

ఇంట్లోనే కూర్చుని చదువుకోవచ్చుగా అంటారు. ఇగ్నో వంటి సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, నిజమే. పుస్తకాలు పోస్టులో వస్తాయి గానీ ప్రయోగశాల రాదు కదా! ప్రాక్టికల్స్‌కు మనమే వెళ్ళాలి. రెగ్యులరుగా అయితే బందరులో నోబుల్ కాలేజీ ఉంది, గుడివాడలో ఏ.ఎన్.ఆర్. కాలేజీ ఉంది. (పెద్ద చదువులు చదవని అక్కినేని వారి పేరు మీద కాలేజీ వెలిసిందంటే నాకెప్పుడూ ముచ్చటే.) 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజరు పద్ధతి వచ్చింది. అంతకుముందులా మూడు సబ్జెక్టులూ సమానం కాదు. బి.ఇడి.కి కావలసినవన్నీ మార్కుల జాబితాలోకి వస్తాయా అని చేరకముందే అడిగి తెలుసుకోండి.

డబ్బు సంగతి. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు నిబంధనల ప్రకారం, ఒక స్థాయి చదువు పూర్తిచేసి మళ్ళీ అదే స్థాయిలో వేరే సబ్జెక్టు చదివేవాళ్ళకు సాయం రాదు. బి.ఏ. తర్వాత బి.కాం. చదివినా అంతే. కాబట్టి ఫీజు మన చేతి డబ్బే అనుకుని లెక్క వేసుకోవాలి.

మరి ఉద్యోగం కోసం కాదు, ఊరికే ఇష్టం అంటారా? ఇష్టం తప్పేమీ కాదు. కానీ దానికోసం గొలుసు తాకట్టు పెట్టమని మాత్రం నేను చెప్పను. స్వయం అనే ప్రభుత్వ వేదికలో పాఠాలు ఉచితంగా వినవచ్చు. గిన్నెలు కడిగాక రాత్రి పదింటికి కూడా ఆ పాఠం వినాలనిపిస్తోందేమో ఒక ఆరు నెలలు చూడండి.

చేరాలనే నిశ్చయమైతే, ముందుగా కాలేజీకి వెళ్ళి ప్రాక్టికల్స్ టైంటేబుల్ రాసుకు రండి. అవనిగడ్డ నుంచి మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు వచ్చేవాళ్ళు తిరుగు బస్సు వేళలు కూడా పక్కన వేసుకోండి. ఆ కాగితం ఇంట్లో అందరి ముందూ పెట్టి, ఆ మధ్యాహ్నాలు పిల్లల్ని ఎవరు చూస్తారో, సాయంత్రం పొయ్యి ఎవరు వెలిగిస్తారో పేర్లు రాయించండి. అత్తగారి పేరొక్కటే కాదు, మీవారి పేరు కూడా అందులో ఉండాలి.